మెదడులో దెబ్బ తగలకుండా జరిగిన రక్తస్రావానికి డయాగ్నసిస్ కోడ్ ఎలా వేయాలి

విజయవాడ, గుంటూరు వైపు నుంచి మెడికల్ కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నల్లో ఇదొకటి: "సీటీలో బ్లీడింగ్ ఉంది, డాక్టర్ స్ట్రోక్ అని రాశాడు, ఏ కోడ్ వేయాలి సార్?" బీఫార్మసీ, ఫిజియోథెరపీ, లైఫ్ సైన్సెస్ చదివి వచ్చినవాళ్లకి అనాటమీ తెలుసు. కోడ్ బుక్ తిప్పడమూ నెలలో వచ్చేస్తుంది. అయినా ఈ ఒక్క చాప్టర్‌లో క్యూఏ (కోడ్లని మళ్లీ తనిఖీ చేసే టీమ్) దగ్గర ఎర్రర్లు పడుతూనే ఉంటాయి. కారణం కోడ్ నంబర్ తెలియకపోవడం కాదు. చార్ట్‌లో చూడాల్సినవి చూడకుండానే బుక్ తెరిచేయడం.

ఇక్కడ చెప్పేదంతా అమెరికా చార్టులకు వాడే జబ్బుల కోడ్ల పుస్తకం ఐసీడీ-10-సీఎం గురించి. మన దగ్గర కోడర్లకి వచ్చే పని దాదాపు అంతా అదే కాబట్టి. మన ఆసుపత్రుల ఇన్సూరెన్స్ డెస్క్ సంగతి చివర్లో రెండు మాటల్లో చెప్తాను.

ఒక చిన్న గమనిక. కోడ్‌లోని ఇంగ్లిష్ అక్షరాన్ని కూడా ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. ఐ61.4 అంటే ఇంగ్లిష్ అక్షరం ఐ, తర్వాత 61.4. సిస్టమ్‌లో కొట్టేటప్పుడు ఆ ఐ స్థానంలో ఒకటి అంకె కొట్టేవాళ్లు కొత్తబ్యాచ్‌లో తప్పకుండా ఒకరైనా ఉంటారు. ఎన్‌కోడర్ (కోడ్లు వెతికే సాఫ్ట్‌వేర్) పట్టుకుంటుంది, ఎక్సెల్ షీట్ మాత్రం పట్టుకోదు.

మీ దగ్గర ఉండాల్సినవి

- చార్ట్ వచ్చిన డిశ్చార్జ్ తేదీకి సరిపోయే ఐసీడీ-10-సీఎం బుక్ లేదా ఎన్‌కోడర్. ఈ కోడ్లు ఏటా అక్టోబర్ 1న మారతాయి, కొన్నిసార్లు ఏప్రిల్ 1న కూడా. లెనిన్ సెంటర్‌లో పాత బుక్ తక్కువకి దొరికితే ఇండెక్స్ తిప్పడం ప్రాక్టీస్ చేయడానికి కొనుక్కోండి, లైవ్ చార్ట్‌కి మాత్రం వాడకండి.
- అదే ఏడాది అఫీషియల్ గైడ్‌లైన్స్. ఇది పీడీఎఫ్‌గా ఉచితంగానే దొరుకుతుంది. సెక్షన్ 1లో 9వ చాప్టర్ భాగం, సెక్షన్ 2, సెక్షన్ 4 పక్కన పెట్టుకోండి.
- పూర్తి చార్ట్: ఎమర్జెన్సీ నోట్, హెచ్ అండ్ పి (హిస్టరీ, ఫిజికల్ ఎగ్జామ్ నోట్), న్యూరో కన్సల్ట్, సీటీ లేదా ఎంఆర్ఐ రిపోర్ట్, ప్రోగ్రెస్ నోట్స్, డిశ్చార్జ్ సమ్మరీ. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే చదివి కోడ్ వేసే అలవాటుంటే ఈ టాపిక్‌లో అది పనికిరాదు.
- మీ క్లయింట్ రాతపూర్వకంగా ఇచ్చిన గైడ్‌లైన్. కొన్ని చోట్ల రెండు దారులూ సరైనవే అయి, క్లయింట్ ఒకటే కోరుకుంటాడు.

1. ఇది ఇన్‌పేషెంటా, అవుట్‌పేషెంటా?

బ్లీడింగ్ గురించి ఆలోచించే ముందే ఇది తేల్చుకోండి, ఎందుకంటే రూల్స్ ఇక్కడే విడిపోతాయి.

ఇన్‌పేషెంట్ ఫెసిలిటీ చార్ట్‌లో డిశ్చార్జ్ సమయానికి డాక్టర్ "ప్రాబబుల్", "సస్పెక్టెడ్" అని రాసి వదిలేస్తే, ఆ జబ్బు ఉన్నట్టే లెక్కేసి కోడ్ వేస్తాం. అవుట్‌పేషెంట్‌లో అలా కుదరదు. ఎమర్జెన్సీ నుంచి వేరే ఆసుపత్రికి పంపేసిన పేషెంట్ చార్ట్‌లో "పాజిబుల్ ఐసీహెచ్" (ఇంట్రాసెరిబ్రల్ హెమరేజ్, మెదడు లోపల రక్తస్రావం) అని మాత్రమే ఉంటే, తలనొప్పి, వాంతులు, చేయి పడిపోవడం లాంటి లక్షణాలకే కోడ్.

రేడియాలజీ రిపోర్ట్ విషయంలోనూ ఇదే తేడా. ఇన్‌పేషెంట్‌లో ట్రీటింగ్ డాక్టర్ ఎక్కడా బ్లీడ్ అని రాయకపోతే, రిపోర్ట్‌లో ఎంత స్పష్టంగా ఉన్నా దాని మీద ఆధారపడి కోడ్ వేయకూడదు. డాక్టర్ "ఇంట్రాసెరిబ్రల్ హెమరేజ్" అని రాశాక, అది ఎక్కడుందో తెలుసుకోవడానికి రిపోర్ట్ చూడవచ్చు. అదే మీరు రేడియాలజీ ప్రొ-ఫీ (డాక్టర్ ఫీజు బిల్లింగ్) చార్టులు చేస్తుంటే, రేడియాలజిస్ట్ చదివి ఫైనల్ చేసిన రిపోర్టే మీకు ఆధారం, అందులో నిర్ధారణగా ఉన్నదాన్ని నేరుగా కోడ్ చేస్తారు. రేడియాలజీ నుంచి ఇన్‌పేషెంట్ ప్రాజెక్ట్‌కి మారినవాళ్లకి మొదటి నెల ఎర్రర్లు చాలావరకు ఇక్కడే.

2. దెబ్బ తగిలిందా, లేదా?

ఈ గైడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇది. తొందరపడకండి.

దెబ్బ వల్ల జరిగిన రక్తస్రావం ఎస్06లోకి పోతుంది. దానంతటది జరిగింది ఐ60, ఐ61, ఐ62లోకి వస్తుంది. ఐ60-ఐ69 బ్లాక్ మొదట్లోనే ఎస్06కి ఎక్స్‌క్లూడ్స్1 నోట్ ఉంది. అంటే ఒకే రక్తస్రావానికి ఈ రెండిట్లోంచి ఒకటే.

చిక్కు ఎక్కడంటే ఇండెక్స్‌లో. మీరు "హెమరేజ్" కింద సబ్‌డ్యూరల్ (మెదడు మీది మందపు పొర కింద) వెతికితే పక్కన బ్రాకెట్‌లో నాన్‌ట్రామాటిక్ అని ఉండి ఐ62 వైపు పంపుతుంది. అదే "హెమటోమా" కింద సబ్‌డ్యూరల్ వెతికితే బ్రాకెట్‌లో ట్రామాటిక్ అని ఉండి ఎస్06.5 వైపు పంపుతుంది. డాక్టర్లేమో ఈ రెండు మాటల్నీ ఒకదానికొకటి వాడేస్తారు. నర్స్ నోట్‌లో ఒకటి, సమ్మరీలో ఇంకొకటి. కాబట్టి ఇండెక్స్ ఎటు పంపితే అటు పోవడం కాదు, చార్ట్‌లో దెబ్బ ప్రస్తావన ఉందో లేదో మీరే వెతకాలి. ఎమర్జెన్సీ నోట్‌లో "ఫౌండ్ డౌన్", "ఫాల్", "హెడ్ స్ట్రైక్", "ఎంవీసీ" (వాహన ప్రమాదం) లాంటి మాటలు కనిపిస్తే ఆగండి.

పడిపోవడం వల్ల రక్తస్రావమా, రక్తస్రావం వల్ల పడిపోవడమా? పెద్దవయసువాళ్ల చార్టుల్లో ఇది అస్తమానం వస్తుంది. బాత్‌రూమ్‌లో కింద పడి ఉన్నారు, నుదుటి మీద గీత, సీటీలో బేసల్ గాంగ్లియా బ్లీడ్, బీపీ 210. మనకు ఫిజియాలజీ తెలుసు కాబట్టి ఇది బీపీ బ్లీడేనని మనసులో అనిపిస్తుంది. అనిపించినా తేల్చాల్సింది డాక్టరే. ఆయన "స్పాంటేనియస్", "హైపర్‌టెన్సివ్ బ్లీడ్", "నాన్‌ట్రామాటిక్" లాంటి మాట ఒక్కటి రాసి ఉంటే సరిపోతుంది. లేకపోతే క్వెరీ (డాక్టర్‌కి రాతపూర్వక ప్రశ్న) పెట్టాలి.

క్వెరీలో "ఇది నాన్‌ట్రామాటిక్ కదా?" అని అడగకూడదు. అది సమాధానం నోట్లో పెట్టినట్టు. చార్ట్‌లో ఉన్న ఆధారాలు వరసగా రాయండి: ఎక్కడ, ఎలా కనిపించాడు, బీపీ ఎంత, సీటీలో ఏముంది. ఆ తర్వాత ఆప్షన్లు ఇవ్వండి: ట్రామాటిక్, నాన్‌ట్రామాటిక్, ఇతరం, నిర్ధారించలేం. ఎంత పైసలొస్తాయన్న ప్రస్తావన క్వెరీలో ఎప్పుడూ రాకూడదు.

3. ఇప్పటిదా, పాతదా?

హెచ్‌సీసీ (పేషెంట్ జబ్బుల తీవ్రతని బట్టి ఇన్సూరెన్స్ చెల్లింపు లెక్కేసే జబ్బుల గ్రూపులు) ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్లు ఈ మెట్టుని రెండుసార్లు చదవండి.

ఐ61 లాంటి కోడ్లు రక్తస్రావం జరిగి, దానికి అక్యూట్ కేర్ నడుస్తున్నప్పటివి. పేషెంట్ డిశ్చార్జ్ అయి, ఆరు నెలల తర్వాత క్లినిక్‌కి వచ్చి, డాక్టర్ ప్రాబ్లమ్ లిస్ట్‌లో "ఐసీహెచ్" అని ఉంది కదా అని ఐ61.9 వేస్తే అది తప్పు. రిస్క్ అడ్జస్ట్‌మెంట్‌లో ఇంట్రాక్రేనియల్ హెమరేజ్‌కి ప్రత్యేకంగా ఒక హెచ్‌సీసీ ఉంది (వీ28 మోడల్‌లో 248). ఆఫీస్ విజిట్ నుంచి ఆ హెచ్‌సీసీ పడితే ఆడిటర్ కన్ను ముందు దాని మీదే పడుతుంది.

పాత రక్తస్రావం వల్ల లోపం ఇంకా మిగిలి ఉంటే ఐ69 నుంచి కోడ్ వస్తుంది. సబ్‌అరక్నాయిడ్‌కి ఐ69.0, ఇంట్రాసెరిబ్రల్‌కి ఐ69.1, సబ్‌డ్యూరల్ లాంటి ఇతర రక్తస్రావాలకి ఐ69.2, ఇన్‌ఫార్క్ట్‌కి (రక్తనాళం మూసుకుపోయి వచ్చే స్ట్రోక్) ఐ69.3. నాలుగో అక్షరం తప్పితే మొత్తం కథ మారిపోతుంది. పాత జబ్బు బ్లీడ్ అని చార్ట్‌లో ఉండగా అలవాటుగా ఐ69.3 వేయడం నేను ఎక్కువగా చూసే ఎర్రర్లలో ఒకటి.

లోపమేమీ మిగలకపోతే ఐ69 వేయకూడదు, పర్సనల్ హిస్టరీ కోడ్‌కి వెళ్లాలి. కొత్త స్ట్రోక్‌తో అడ్మిట్ అయిన పేషెంట్‌కి పాత స్ట్రోక్ లోపాలు కూడా ఉంటే ఐ60-ఐ67 కోడ్, ఐ69 కోడ్ రెండూ కలిపి వేయవచ్చు. గైడ్‌లైన్‌లో ఈ మాట స్పష్టంగా ఉంది.

4. రక్తం ఎక్కడ చేరింది?

ఇప్పుడు బుక్ తెరవండి. ముందు మూడు గదులు:

- మెదడు పొరల మధ్య, అరక్నాయిడ్ కింద అయితే ఐ60.
- మెదడు కణజాలంలోనే, లేదా వెంట్రికిల్స్‌లో అయితే ఐ61.
- సబ్‌డ్యూరల్, ఎక్స్‌ట్రాడ్యూరల్ అయితే ఐ62.

ఐ61 లోపల ఇలా ఉంటుంది:

- ఐ61.0: లోతుగా, సబ్‌కార్టికల్. బేసల్ గాంగ్లియా, పుటామెన్, థాలమస్, ఇంటర్నల్ క్యాప్సూల్ అన్నీ ఇక్కడికే.
- ఐ61.1: పైపొరలో, కార్టికల్. "లోబార్" అన్నా, ఫ్రంటల్, పెరైటల్, టెంపొరల్, ఆక్సిపిటల్ లోబ్ అన్నా ఇదే.
- ఐ61.2: హెమిస్పియర్ అని మాత్రమే తెలిసి, లోతా పైనా తెలియనప్పుడు.
- ఐ61.3: బ్రెయిన్ స్టెమ్. పాన్స్, మిడ్‌బ్రెయిన్, మెడుల్లా.
- ఐ61.4: సెరిబెల్లమ్. కళ్లు సెరిబ్రల్ అని చదివేస్తాయి, జాగ్రత్త.
- ఐ61.5: వెంట్రికిల్స్ లోపల.
- ఐ61.6: ఒకటికంటే ఎక్కువ చోట్ల, విడివిడిగా.
- ఐ61.8: ఇతరం. ఐ61.9: ఎక్కడో చెప్పనిది.

ఇందులో కుడి, ఎడమ లేవు. చార్ట్‌లో "రైట్ థాలమిక్" అని ఉంటుంది, దానికి ఐదో అంకె ఎక్కడుందా అని అరగంట వెతికేవాళ్లున్నారు. లేదు. ఐ61లో నాలుగు అక్షరాలతోనే కోడ్ పూర్తయిపోతుంది. పక్క గురించిన సమాచారం మీకు తర్వాత హెమిప్లీజియా దగ్గర పనికొస్తుంది.

లోతైన బ్లీడ్ వెంట్రికిల్‌లోకి పగిలితే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. డాక్టర్ రెండూ రాస్తే ఐ61.0తో పాటు ఐ61.5 కూడా వేయడం మామూలు. రెండిటి మధ్య అడ్డుపడే ఎక్స్‌క్లూడ్స్ నోట్ లేదు. దీన్ని "రెండు చోట్ల" అనుకుని ఐ61.6కి వెళ్లకండి, అది ఒకే బ్లీడ్ పాకడం.

ఐ60కి వస్తే ఇక్కడ లెక్క వేరు: ఏ రక్తనాళం నుంచి కారిందన్నదే ప్రధానం, కొన్నిటికి పక్క కూడా కావాలి. కుడి మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ ఎన్యురిజమ్ (నాళం మీద ఉబ్బు) పగిలితే ఐ60.11, ఎడమైతే ఐ60.12. కెరాటిడ్ సైఫన్ (ఐ60.0-), పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ (ఐ60.3-), వెర్టిబ్రల్ (ఐ60.5-) కూడా పక్క అడుగుతాయి. యాంటీరియర్ కమ్యూనికేటింగ్ ఐ60.2, బేసిలార్ ఐ60.4 మధ్యలో ఉండేవి, వాటికి పక్క లేదు. బెర్రీ ఎన్యురిజమ్ పగిలిందని మాత్రమే ఉండి ఏ నాళమో లేకపోతే ఐ60.7. ఏవీఎమ్ (రక్తనాళాల చిక్కుముడి) పగిలితే ఐ60.8. పగలని ఎన్యురిజమ్ ఐ67.1, పగలని పుట్టుక ఏవీఎమ్ క్యూ28.2. పగిలినదానికి పగలని కోడ్ కూడా కలిపి వేయడం అనవసరం.

ఐ62లో సబ్‌డ్యూరల్‌కి వయసు అడుగుతుంది, పేషెంట్‌ది కాదు, రక్తానిది: అక్యూట్ ఐ62.01, సబ్‌అక్యూట్ ఐ62.02, క్రానిక్ ఐ62.03, చెప్పకపోతే ఐ62.00. ఎక్స్‌ట్రాడ్యూరల్ ఐ62.1. ఐ62.9 అనేది పుర్రె లోపల ఎక్కడో రక్తం అన్న స్థాయి సమాచారం. సీటీ తీసిన ఇన్‌పేషెంట్ చార్ట్‌లో మీ చేతి నుంచి ఐ62.9 బయటికి వెళ్తుంటే మళ్లీ చార్ట్ చదవండి, ఎక్కడో తప్పకుండా ఉంటుంది.

మొదట్లో చెప్పిన ప్రశ్నకి సమాధానం కూడా ఇక్కడే. డాక్టర్ "స్ట్రోక్" లేదా "సీవీఏ" అని మాత్రమే రాస్తే ఇండెక్స్ ఐ63.9కి, అంటే ఇన్‌ఫార్క్ట్‌కి తీసుకెళ్తుంది. రక్తం కారిన పేషెంట్‌కి రక్తనాళం మూసుకుపోయిందని కోడ్ పడుతుంది! "హెమరేజిక్ స్ట్రోక్" అని ఎక్కడైనా ట్రీటింగ్ డాక్టర్ రాశాడేమో న్యూరో నోట్‌లో, ఐసీయూ నోట్‌లో చూడండి. లేకపోతే క్వెరీ.

5. కారణం ఉంటే అదీ రాయండి

ఐ60-ఐ69 బ్లాక్ మొదట్లో హైపర్‌టెన్షన్, పొగాకు, ఆల్కహాల్ ఉంటే అదనపు కోడ్ వేయమని నోట్ ఉంది. వరస: ముందు రక్తస్రావం, తర్వాత హైపర్‌టెన్షన్. హైపర్‌టెన్షన్ అంటే వెంటనే ఐ10 కొట్టేయకండి. కిడ్నీ జబ్బు కూడా ఉంటే ఐ12తో పాటు ఎన్18, హార్ట్ ఫెయిల్యూర్ ఉంటే ఐ11.0తో పాటు ఐ50. డాక్టర్ విడిగా లింక్ రాయకపోయినా ఈ సంబంధాన్ని గైడ్‌లైన్ ఉన్నట్టే తీసుకుంటుంది. "హైపర్‌టెన్సివ్ ఎమర్జెన్సీ" అని డాక్టర్ రాస్తే ఐ16.1 కలపండి. వైటల్స్‌లో 220 బై 120 చూసి మీరే ఐ16 వేయడం మాత్రం కుదరదు.

రక్తం పలుచన చేసే మందుల విషయం. వార్ఫరిన్ వల్లే బ్లీడ్ అయిందని డాక్టర్ సంబంధం రాస్తే: రక్తస్రావం కోడ్, డి68.32, టి45.515ఎ. మందు చెప్పిన డోసులో సరిగ్గా వేసుకున్నప్పుడే ఇది. పొరపాటున ఎక్కువ మింగితే అది పాయిజనింగ్, టి45.511ఎ, అప్పుడు వరస కూడా మారి పాయిజనింగ్ ముందుకు వస్తుంది. సంబంధం ఎక్కడా రాయకపోతే, మందు వాడుతున్నాడని చెప్పే జడ్79.01 వరకే మీ హద్దు.

అమైలాయిడ్ యాంజియోపతీ (నాళాల గోడల్లో అమైలాయిడ్ ప్రోటీన్ పేరుకోవడం) వల్ల లోబార్ బ్లీడ్ అయితే ఐ61.1తో పాటు ఇ85.4, ఆ తర్వాత ఐ68.0. ఐ68.0 దగ్గర అసలు జబ్బుని ముందు వేయమన్న నోట్ ఉంది కాబట్టి ఆ రెండిటి వరస తిప్పకూడదు.

6. లోపాలు, కాంప్లికేషన్లు

పక్షవాతానికి జి81. ఇక్కడే కుడి, ఎడమ, ఏ చేతివాటం అన్నీ కావాలి. చేతివాటం చార్ట్‌లో లేకపోతే గైడ్‌లైన్ ఇచ్చిన రూల్: కుడి పక్క పడితే డామినెంట్, ఎడమ పక్క పడితే నాన్‌డామినెంట్. రెండు చేతులూ సమానంగా వాడేవాళ్లకి ఏ పక్క పడినా డామినెంట్. కాబట్టి మామూలుగా మీకు తగిలేవి జి81.91 (కుడి, డామినెంట్), జి81.94 (ఎడమ, నాన్‌డామినెంట్). "అన్‌స్పెసిఫైడ్ సైడ్" కోడ్ వేసే అవసరం దాదాపు రాదు.

మెదడులో ఏ పక్క బ్లీడ్ అయితే శరీరంలో ఆ రెండో పక్క పడుతుందని మీకు తెలుసు. తెలిసినా రేడియాలజీలో "రైట్" చూసి చేతులు తిన్నగా "రైట్ హెమిప్లీజియా" కొడతాయి. పక్కని ఎప్పుడూ ఫిజికల్ ఎగ్జామ్ నుంచే తీసుకోండి.

మాట పోతే అఫేజియా ఆర్47.01, మాట ముద్దగా వస్తే డిసార్త్రియా ఆర్47.1, ముఖం వంకర ఆర్29.810, మింగలేకపోతే ఆర్13.1- కింద ఏ దశో చూసుకుని. డిశ్చార్జ్ నాటికి ఇవి తగ్గిపోయినా అడ్మిషన్‌లో ఉన్నట్టు డాక్టర్ రాశాడు కాబట్టి వేస్తాం.

మెదడు వాపు జి93.6, మెదడు నొక్కుకుపోవడం, హెర్నియేషన్ జి93.5, అబ్‌స్ట్రక్టివ్ హైడ్రోసెఫలస్ జి91.1. ఇవి పేమెంట్‌ని కదిలించే కోడ్లు. వాపూ నొక్కుకుపోవడమూ రెండూ ఎంసీసీలే (మేజర్ కాంప్లికేషన్ లేదా కోమార్బిడిటీ). ఇన్‌పేషెంట్‌లో ఐసీహెచ్ మెడికల్ కేసు ఎంఎస్-డీఆర్‌జీ (అమెరికా పేమెంట్ గ్రూప్) 064, 065, 066లో ఒకదానికి పోతుంది, ఎంసీసీ ఉంటే 064. కనుక రేడియాలజిస్ట్ రాసిన "మిడ్‌లైన్ షిఫ్ట్ 6 మి.మీ." చూసి జి93.5 వేసేయాలన్న ఆశ పుడుతుంది. వేయకండి. ట్రీటింగ్ డాక్టర్ కంప్రెషన్ లేదా హెర్నియేషన్ అని రాయాలి, దానికి మానిటోల్ మందో, ఈవీడీయో (మెదడు లోపలి నీరు బయటికి తీసే గొట్టం), సర్జరీయో, కనీసం న్యూరో చెక్స్ అయినా చార్ట్‌లో కనిపించాలి. డినయల్ లెటర్ వచ్చినప్పుడు మీ వైపు నిలబడేది ఆ నోట్సే.

ఎన్ఐహెచ్ స్ట్రోక్ స్కేల్ స్కోర్ నర్స్ రాసినా తీసుకోవచ్చు, అది గైడ్‌లైన్ ఇచ్చిన మినహాయింపు. జబ్బు మాత్రం డాక్టర్ రాయాలి. స్కోర్ 14 అయితే ఆర్29.714. మీరు వేస్తున్న కేటగిరీ కింద దీన్ని కలపమన్న నోట్ ఆ ఏడాది టాబ్యులర్‌లో (బుక్‌లో కోడ్లు వరసగా ఉండే భాగం) చూసుకునే వేయండి.

7. వరస, పీఓఏ (అడ్మిషన్ నాటికే ఉందా అన్న గుర్తు)

రక్తస్రావంతోనే అడ్మిట్ అయితే అదే పీడీఎక్స్ (ప్రధాన డయాగ్నసిస్). వేరే జబ్బుతో వచ్చి వార్డులో నాలుగో రోజు బ్లీడ్ అయితే అది సెకండరీ, పీఓఏ దగ్గర ఎన్. అడ్మిషన్‌కి ముందే ఉందో లేదో చార్ట్‌లో సమాచారం చాలకపోతే యు, డాక్టరే వైద్యపరంగా తేల్చలేనంటే డబ్ల్యు. యుని బద్ధకానికి వాడకండి, చాలామంది క్లయింట్లు యు కనిపిస్తే క్వెరీ ఎందుకు పెట్టలేదని అడుగుతారు.

మూడు చార్టులు చేసి చూద్దాం

ఇవి ప్రాక్టీస్ కోసం అల్లినవి. కోడ్లు చూడకుండా ముందు మీరు చేయండి.

మొదటిది, ఇన్‌పేషెంట్. 58 ఏళ్ల మగమనిషి. ఎడమ చేయి, కాలు పడిపోయాయి, మాట ముద్దగా ఉంది. డాక్టర్ రాసింది: హైపర్‌టెన్షన్ వల్ల రైట్ బేసల్ గాంగ్లియా హెమరేజ్, ఇంట్రావెంట్రిక్యులర్ ఎక్స్‌టెన్షన్, సెరిబ్రల్ ఎడీమా (మానిటోల్ ఇచ్చారు), లెఫ్ట్ హెమిపరెసిస్, డిసార్త్రియా, సీకేడీ (దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు) స్టేజ్ 3ఎ. చేతివాటం లేదు.

జవాబు: ఐ61.0, ఐ61.5, జి93.6, జి81.94, ఆర్47.1, ఐ12.9, ఎన్18.31. ఐ10 వేసినవాళ్లు ఐదో మెట్టుకి వెనక్కి వెళ్లండి.

రెండోది, న్యూరాలజీ క్లినిక్ విజిట్. "రెండేళ్ల కిందట ఐసీహెచ్. రైట్ హెమిపరెసిస్, అఫేజియా మిగిలి ఉన్నాయి. బీపీ మందులు కొనసాగించాలి, హైపర్‌టెన్షన్ కంట్రోల్‌లో ఉంది." అసెస్‌మెంట్‌లో మొదటి లైన్: "ఐసీహెచ్."

జవాబు: ఐ69.151, ఐ69.120, ఐ10. అసెస్‌మెంట్‌లో ఐసీహెచ్ అని ఉన్నా ఐ61 కాదు, రెండేళ్ల కిందటిదని అదే నోట్ చెప్తోంది. జి81.91, ఆర్47.01 విడిగా వేయనక్కర్లేదు, ఐ69 కోడ్‌లోనే ఆ లోపం ఉంది. అదే మింగలేకపోవడం అయితే ఐ69.191తో పాటు ఆర్13.1- కూడా అడుగుతుంది, ఆ తేడా గుర్తుంచుకోండి.

మూడోది కావాలనే పెట్టాను. 76 ఏళ్ల ఆవిడ, ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి వార్ఫరిన్ వాడుతోంది. ఇంట్లో నేల మీద కనిపించింది. సమ్మరీలో "అక్యూట్ సబ్‌డ్యూరల్ హెమటోమా, కౌమడిన్ రివర్స్ చేశాం" అని ఉంది (కౌమడిన్ అంటే వార్ఫరినే, బ్రాండ్ పేరు). దెబ్బ గురించి ఒక్క మాట లేదు.

దీనికి ఇప్పుడే కోడ్ వేస్తే తప్పు, ఏది వేసినా. రెండు క్వెరీలు కావాలి: ట్రామాటికా కాదా, వార్ఫరిన్‌తో సంబంధం ఉందా లేదా. నాన్‌ట్రామాటిక్, వార్ఫరిన్ వల్లే అని జవాబొస్తే ఐ62.01, డి68.32, టి45.515ఎ, ఐ48.91. పడి దెబ్బ తగిలిందని వస్తే ఎస్06.5ఎక్స్- కింద స్పృహ పోయిన సమయం చూసుకుని ఏడో అక్షరంతో సహా, దానికి పడిపోయిన కోడ్ జతగా. ప్రొడక్షన్ టార్గెట్ టెన్షన్‌లో క్వెరీ పెట్టడానికి వెనకాడతారు. చార్ట్‌ని హోల్డ్‌లో పెట్టి పక్కది తీసుకోండి, మీ టీఎల్‌కి (టీమ్ లీడ్) ఒక మెసేజ్ చేయండి.

సబ్‌మిట్ కొట్టే ముందు

చెకింగ్‌కి నేను కొత్తవాళ్లకి చెప్పే పద్ధతి ఇది: వేసిన ప్రతి కోడ్‌కీ చార్ట్‌లో పేజీ, తేదీ, రాసిన డాక్టర్ చూపించగలగాలి. చూపించలేని కోడ్ తీసేయండి. ఆ తర్వాత తిరగేసి చూడండి, టాబ్యులర్‌లో ఆ కోడ్ వివరణ చదివి, అది చదివినవాడికి మీ పేషెంట్ కనిపిస్తున్నాడా అని. ఐ61.4 తెరిస్తే సెరిబెల్లమ్ అని ఉండాలి, చార్ట్‌లో కూడా సెరిబెల్లమే ఉండాలి. ఎన్‌కోడర్ పచ్చరంగు చూపించిందంటే కోడ్ చెల్లుతుందని మాత్రమే, సరైనదని కాదు.

ఎస్06, ఐ60-ఐ62 ఒకే బ్లీడ్‌కి పక్కపక్కన ఉన్నాయేమో చూడండి. ఐ61తో పాటు ఐ63.9 ఎక్కడైనా మిగిలిపోయిందేమో చూడండి, వర్కింగ్ డయాగ్నసిస్‌గా మొదట్లో పెట్టి తీయడం మర్చిపోయే కేసులు చాలా. హెమిప్లీజియా పక్కకీ సీటీ పక్కకీ పొంతన లేకపోతే (అవి ఎదురెదురు పక్కలు కాకపోతే) ఎవరో ఒకరు తప్పు రాశారు, మీరో, డాక్టరో.

సర్టిఫికేషన్ పరీక్ష రాసేవాళ్లకి: సీపీసీ ఓపెన్ బుక్, 100 ప్రశ్నలు, 4 గంటలు. బుక్‌లో ఐ60 బ్లాక్ నోట్‌ని హైలైటర్‌తో గీసి, పక్కన ఎస్06 పేజీ నంబర్ వేసుకోండి. ఇండెక్స్‌లో హెమటోమా, హెమరేజ్ రెండు చోట్లా బ్రాకెట్‌లోని మాటకి గీత పెట్టుకోండి. అంతే చాలు, ఈ టాపిక్‌కి ఇంతకు మించి రంగులు అక్కర్లేదు.

సూర్యారావుపేట, కొత్తపేట ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకి

విజయవాడలోనో గుంటూరులోనో ఆసుపత్రి రికార్డ్స్‌లో, ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఉంటే మీకు అడిగేది సాధారణంగా డబ్ల్యూహెచ్ఓ ఐసీడీ-10. అందులో ఐ60, ఐ61, ఐ62 గదులు ఇవే, కానీ అమెరికా వాళ్లు చేర్చిన అదనపు అంకెలు ఉండవు. సబ్‌డ్యూరల్ ఐ62.0తోనే ఆగుతుంది. ఇంకో తేడా: బ్లీడో, క్లాటో తెలియని స్ట్రోక్‌కి డబ్ల్యూహెచ్ఓ పుస్తకంలో ఐ64 ఉంది, సీఎంలో అది లేదు. ఎన్టీఆర్ వైద్య సేవ క్లెయిమ్‌కి ప్యాకేజీ కోడ్ వేరు, డయాగ్నసిస్ కోడ్ వేరు, ఒకదాని గడిలో ఇంకొకటి వేస్తే క్లెయిమ్ వెనక్కి వస్తుంది. ఐసీడీ-11 అడిగే చోట ఇంట్రాసెరిబ్రల్ హెమరేజ్ 8బి00 కింద, సబ్‌అరక్నాయిడ్ 8బి01 కింద వెతకండి. అక్కడ కూడా మొదటి ప్రశ్న దెబ్బ తగిలిందా లేదా అన్నదే.